అప్పాయమ్మ తప్పు

నవంబరు 9, 1998. సోమవారం

మూడు వారాలకు సెలవు చీటీ ఇచ్చేశాను. హెడ్‌మిస్ట్రెస్ అది చదివి, "సినిమావాళ్ళ కారెక్కాక మేమెక్కడ కనబడతాం లెండి దేవకుమారిగారూ" అంది. ఆ నవ్వులో ఎంత కుళ్ళుందో! స్టాఫ్‌రూమంతా కళ్ళలో నిప్పులు పోసుకుంటోంది. ఇరవై రెండేళ్ళు తెలుగు టీచరుగా సుద్దముక్కలు అరగదీశాను, ఒక్కసారి ఎవరో గుర్తుపట్టి పిలిస్తే ఇంత ఓర్వలేనితనమా? ఓర్వలేనివాళ్ళని చూస్తే నాకు కంపరం.

రావులపాలెంలో అరటిగెలల వ్యాపారం చేసే వెంకటరాజుగారు నిర్మాత. ఒక పాత నవలంటే వాళ్ళమ్మగారికి ప్రాణమట, అందుకని దాన్ని సినిమా తీస్తున్నారట. బొంబాయి నుంచి వచ్చిన ఇద్దరమ్మాయిలకి మన గోదావరి మాట నేర్పాలి, సంభాషణల్లో తప్పులుంటే చెప్పాలి. నాకంటే ఆ నవల తెలిసినవాళ్ళు ఈ జిల్లాలో ఎవరున్నారు? చిన్నప్పుడు మా చెల్లెలు సుగుణా నేనూ వంతులేసుకుని పైకి చదివేవాళ్ళం. అక్క అప్పాయమ్మ మాటలు నావి, చెల్లెలు చిన్నమ్మాయి మాటలు దానివి. ఇప్పటికీ పేజీలకు పేజీలు కంఠతా వచ్చు.

పెద్దాపురం నుంచి సుగుణ ఉత్తరం వచ్చింది. "అక్కగారైన దేవకుమారిగారికి ప్రభువునందు వందనములు. నాకు గర్భసంచి తీసేయాలన్నారండి. ఈ నెల 26న కాకినాడలో ఆపరేషన్. ఆడవాళ్ళ వార్డులో మగవాళ్ళని ఉండనివ్వరటండి. మా అమ్మాయి సారికకి డిగ్రీ పరీక్షలు. మీకు వీలైతే ఒక్క వారం రోజులు రాగలరేమోనని అడుగుతున్నానండి. వీలుకాకపోతే పరవాలేదండి."

ఆరు ముక్కల్లో నాలుగు అండీలు. సొంత అక్కకి రాసే ఉత్తరమేనా ఇది? పైగా సరిగ్గా షూటింగు మధ్యలో పెట్టుకుంది ఆపరేషన్.

చూద్దాం.

నవంబరు 11

కోటిపల్లి వెళ్ళాను. రేవు దగ్గర పాత పెంకుటింటికి గులాబీ రంగు వేస్తున్నారు. అరవై ఏళ్ళ కిందటి రైతు ఇంటికి గులాబీ రంగు! అడిగితే, "కెమెరాలో బాగుంటుందండీ" అన్నాడు ఆ రంగులతను. కెమెరాకి కళ్ళు లేవా?

డైరెక్టరుకి ముప్ఫయ్యేళ్ళుంటాయేమో. నోట్లో చూయింగ్ గమ్ నములుతూనే, "మేడమ్, నవల చదవడం కుదర్లేదు. కథ రెండు ముక్కల్లో చెప్పండి" అన్నాడు. నవల చదవకుండా నవలని సినిమా తీసేస్తాడన్నమాట. చెంప పగలగొట్టాలనిపించింది. చెప్పాను.

చెల్లెలు చిన్నమ్మాయికి మంచి సంబంధం కుదిరితే అక్క అప్పాయమ్మ ఓర్వలేక, దాని మీద అబద్ధం చెప్పి చెడగొడుతుంది. చెల్లెలు మరెవరికో ఇల్లాలవుతుంది. ఇద్దరూ కాలవకి చెరో గట్టున పన్నెండేళ్ళు బతుకుతారు. మాట్లాడుకుంటారు గానీ, అండీ అండీ అని మాట్లాడుకుంటారు. ఆఖరికి ఒక మధ్యాహ్నం అక్క వంతెన దాటి వెళ్ళి, చెల్లెలి గుమ్మంలో నిలబడి, "ఏమే, అన్నం తిన్నావా?" అంటుంది. చేసిందంతా చెప్పుకుంటుంది. చెల్లెలు ఏడుస్తుంది.

"హీరో ఎక్కడ మేడమ్?" అన్నాడు.

"లేడండి."

అందరూ పగలబడి నవ్వారు. లైట్లు మోసేవాడు కూడా నవ్వాడు.

నవంబరు 12

అప్పాయమ్మని సుప్రియ చేశారు. చిన్నమ్మాయిని హారతి చేశారు. ఆ పేర్లు పాతకంపు కొడుతున్నాయట. పాతనవల కావాలి, పేర్లు మాత్రం కంపు. థూ.

సుగుణకి జవాబు రాయలేదు. రాయకపోవడానికి కారణం పనే, ఇంకేం లేదు. మనసులో నేనేం పెట్టుకోలేదు. అప్పుడెప్పుడో అది బి.ఎస్సీ. రెండో ఏడులో ఉండగా చంద్రరావనే క్లాసబ్బాయి దానికి రాసిన ఉత్తరం నాన్నగారి చేతిలో పడింది. పడింది, అంతే. నాన్నగారు చర్చిలో ఉపదేశి, ఊరుకుంటారా? కాలేజీ మాన్పించి, ఈస్టరు ముందు వచ్చే శ్రమదినాలు మొదలయ్యేలోపే పెళ్ళి చేసేశారు. శ్రమదినాల్లో పెళ్ళిళ్ళు చేయరు కదా, మూడు వారాల్లో ముగించేశారు. అయితే ఏం? ఐజాక్ లాంటి నెమ్మదస్తుడు దొరికాడు. ఏం తక్కువైంది దానికి?

నవంబరు 14

మాటల రచయిత ఉదయభాస్కర్‌తో పెద్ద గొడవ. హైదరాబాదు నుంచి వచ్చాడు. అక్కాచెల్లెళ్ళ మాటల్లో అండీలన్నీ కొట్టేశాడు. ఎర్ర సిరాతో, నేను పిల్లల కాంపోజిషన్లు కొట్టేసినట్టు!

"అక్క చెల్లెల్ని అండీ అనడమేంటి మేడమ్? జనం నవ్వుతారు. మీ గోదావరి జిల్లాలవాళ్ళు కుక్కని కూడా అండీ అంటారని ఇప్పటికే జోకులున్నాయి. మర్యాద అనుకుంటారంతే."

"మర్యాద కాదండీ బాబూ! బజార్లో కూరగాయలమ్మేవాళ్ళని అండీ అంటే మర్యాద. కలెక్టర్ని అంటే మర్యాద. ఒకే కంచంలో తిన్న చెల్లెల్ని అంటే మొహం మీద తలుపేసినట్టు. మా దగ్గర అంతకంటే పెద్ద తిట్టు లేదు. ఆ అండీ లేకపోతే చివర్లో 'ఏమే' అన్నదానికి విలువేం ఉంటుంది?"

అతను పెన్ను మూసి నా వంక చూశాడు. "నిజంగా అలా ఎవరైనా అనుకుంటారా? మీ ఇళ్ళలో ఎక్కడైనా చూశారా?"

"లేదండి" అన్నాను.

నవంబరు 15, ఆదివారం

చర్చికి వెళ్ళాను. పాస్టరుగారు ఏం చెప్పారో గుర్తులేదు.

లేదండి అని ఎందుకన్నాను? ఏం, అతనికి నా ఇంటి సంగతులు చెప్పాలా? సుగుణే మొదలుపెట్టింది. పెళ్ళయి చర్చి మెట్లు దిగుతూ నా దగ్గరికొచ్చి, "వెళ్ళొస్తానండి" అంది. అందరి ముందూ. నేను మాత్రం ఏం తక్కువ? "మంచిదండి" అన్నాను. అది మానితే నేనూ మానేదాన్ని.

అయినా నా తప్పేముంది? నాన్నగారు అడిగారు. తండ్రి అడిగితే కూతురు అబద్ధం చెబుతుందా? ఉన్నది చెప్పాను. ఎవరైనా అంతే చేస్తారు.

నవంబరు 17

కారు రాలేదు. పొద్దున్నుంచి పట్టుచీర కట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను. ఎదురింటివాళ్ళు నాలుగుసార్లు తొంగిచూశారు.

నవంబరు 18

ఛీ ఛీ ఛీ. రాయడానికే చెయ్యి రావట్లేదు.

అప్పాయమ్మ చెప్పిన అబద్ధం తీసేశారు. అది ఇప్పుడు ఒక మేనత్త చెబుతుంది. నవలలో మేనత్తే లేదు. ఈ మేనత్తకి పెద్ద బొట్టు, చంకలో పిల్లి. అక్కేమో దేవత. చెల్లెలి కోసం పస్తులుంటుంది, చెల్లెలి చీరలు ఉతుకుతుంది, ఇద్దరూ ఒక హీరోనే ప్రేమిస్తే నోరుమూసుకుని తప్పుకుంటుంది. చూస్తుంటే డోకొచ్చింది నాకు.

వెంకటరాజుగారు గెలలు దింపించి అప్పుడే వచ్చారు, చొక్కా మీద అరటి మరకలు కూడా ఆరలేదు. నేరుగా ఆయన్నే పట్టుకున్నాను.

"మీ అమ్మగారికి నచ్చింది ఇదేనా అండి?"

"అమ్మకి నచ్చిందని తీస్తే నష్టపోతామండీ టీచరుగారూ. అక్కంటే తల్లి తర్వాత తల్లండీ. ఆవిణ్ణి జనం తిట్టుకోకూడదండి."

"తప్పు తీసేస్తే ఇంక ఆ మనిషికి ఎదగడానికేం మిగిలిందండీ? మొదటి సీన్లో ఎంత మంచిదో ఆఖరి సీన్లోనూ అంతే మంచిది. తప్పు చేసి, ఒప్పుకోవడానికి పన్నెండేళ్ళు పట్టిన మనిషండీ ఆవిడ! కథంతా అదే కదా!"

"మీరు చదువుకున్నోళ్ళు. కాఫీ తాగండి" అన్నారు. ఆ కాఫీ మీద ఈగ తేలుతోంది.

అక్క వేషం వేసే బొంబాయి అమ్మాయే కాస్త నయం. పక్కకి పిలిచి, అసలు నవలలో అక్క అబద్ధం ఎందుకు చెప్పిందని ఇంగ్లీషులో అడిగింది. "చెల్లెలి మంచికే అనుకుంది" అన్నాను.

నవలలో అలా లేదు. ఓర్వలేకే చెప్పిందని స్పష్టంగా ఉంది. వారం కిందట డైరెక్టరుకి నేనే చెప్పాను. మరి ఆ పిల్లకి అలా ఎందుకు చెప్పానో తెలియదు. అలిసిపోయి ఉంటాను.

నవంబరు 20

ఇంటికి ఐజాక్ వచ్చారు. పెద్దాపురం తాలూకాఫీసులో గుమాస్తా కదా, సెలవు పెట్టుకుని వచ్చారు. చేతిలో సంచి, సంచిలో నా కోసం బత్తాయిలు. కుర్చీ అంచున కూర్చున్నారు.

"వదినగారూ, ఆపరేషను గురువారమండి. పగలంటే నేను బయట కూర్చుంటానండి. వార్డులో మనిషి ఉండాలంటున్నారు. డబ్బిచ్చి ఆయాని పెడదామన్నానండి. తను వద్దంది. అక్క రానని రాయలేదు కదా, చూద్దాం అంటోందండి."

"షూటింగుందండి. మాటిచ్చాను."

"అవునండి. పెద్ద పని కదండి." బత్తాయిలు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టారు. "తను మీ గురించి ఎప్పుడూ చెడ్డగా చెప్పలేదండి. అసలు ఏమీ చెప్పలేదండి. ఇరవై ఒక్కేళ్ళయింది, చిన్నప్పుడు మీరిద్దరూ ఎలా ఉండేవారో కూడా నాకు తెలియదండి."

ఆయన వెళ్ళాక ఆ బత్తాయిలు చూస్తే ఒళ్ళు మండింది. ఒక్కటి మిగల్చకుండా పక్కింటివాళ్ళకి ఇచ్చేశాను.

నేను ఆ ఉత్తరం నాన్నగారి బైబిల్లో పెట్టాను, అంతే. ఆయన తీసి చూస్తారని అనుకోలేదు.

నవంబరు 23

అప్పాయమ్మని చంపేశారు.

గోదావరిలో పడవ మునిగితే అక్క దూకి హీరోని ఒడ్డుకి చేర్చి, తను చచ్చిపోతుంది. చచ్చేముందు చెల్లెలి చెయ్యి హీరో చేతిలో పెట్టి, "నా ప్రాణం నీకిచ్చి వెళ్తున్నా చెల్లీ" అంటుంది. ఊరెళ్తూ పక్కింట్లో తాళంచెవి ఇచ్చినట్టు! మోకాలి లోతు నీళ్ళలో ఆ పిల్లని పడుకోబెట్టి పదకొండుసార్లు తీశారు. గట్టు మీద జనం చప్పట్లు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకుంటున్నారు. నా పక్కనున్న ఒకావిడ, "అక్కంటే ఇలా ఉండాలండీ" అంది నాతో.

ఉదయభాస్కర్ మీద విరుచుకుపడ్డాను. నలుగురిలో. నీకు అక్కచెల్లెళ్ళున్నారా, చావడం ఎదగడమా, ఇంత కుళ్ళు సరుకు జనం నోట్లో పోయడానికి సిగ్గులేదా అని నోటికొచ్చిందల్లా అన్నాను. అతనికి కోపం రాలేదు. సిగరెట్ పారేసి, నెమ్మదిగా చెప్పాడు.

"మేడమ్, నాకు నవల నచ్చింది. రెండుసార్లు చదివాను. కానీ చెల్లెలికి ద్రోహం చేసిన అక్కని తెర మీద పెడితే, హాల్లో ఉన్న ఏ అక్కా అది నేనే అనుకోదు. ప్రతివాళ్ళూ మనం చేసింది మంచికే అనుకుంటారు. అందుకే మంచిదాన్నే రాస్తాను. నేను తప్పు తీసేయడం కాదు మేడమ్. వాళ్ళే తీసేసుకుని వస్తారు."

కారెక్కి వచ్చేశాను.

నవంబరు 24

ఈ డైరీ వెనక్కి తిప్పి చదివాను. మొదట ఉదయభాస్కర్‌ని ఇంకా ఏమేం తిట్టొచ్చో చూద్దామనే తిప్పాను.

పన్నెండో తారీఖున ఉత్తరం నాన్నగారి చేతిలో "పడింది". పదిహేనున నాన్నగారు "అడిగారు". ఇరవయ్యిన నేను బైబిల్లో "పెట్టాను, అంతే". ఒకే ఉత్తరం, మూడు కథలు. ఎవరూ చదవని డైరీలో! ఉదయభాస్కర్ కంటే నేనేం తక్కువ తిన్నాను? అతను డబ్బు కోసం రాస్తున్నాడు. నేను ఎవర్ని మోసం చేయడానికి రాశాను? నా చేతిరాత చూస్తే నాకే రోత పుట్టింది. ఆ గుండ్రటి, అందమైన టీచరు రాత.

జరిగింది రాస్తాను.

ఉత్తరం సుగుణ బాటనీ రికార్డులో దొరికింది. వెతికితేనే దొరికింది. అందులో ప్రేమ అనే మాట కూడా లేదు. ఎమ్మెస్సీకి ఇద్దరం వాల్తేరులో చేరదామా అని అడిగాడు, నువ్వు నవ్వితే బాగుంటుందని రాశాడు. నాన్నగారు ఇంట్లో లేరు. చర్చిలో కమిటీ మీటింగులో ఉన్నారు. సాయంత్రం వచ్చేదాకా నేను ఆగలేదు. తలదువ్వుకోకుండా, చెప్పులేసుకోకుండా మైలున్నర నడిచి వెళ్ళి, మీటింగులోంచి ఆయన్ని పిలిపించి, అందరూ చూస్తుండగా చేతికిచ్చాను. అందరూ చూడటం వల్లే ఆయన ఇంక ఏమీ చేయలేకపోయారు. నేను ఒంటరిగా ఇచ్చి ఉంటే తిట్టి ఊరుకునేవారేమో. అది నాకు అప్పుడే తెలుసు.

ఛీ.

నవంబరు 25

కోటిపల్లి వెళ్ళి మానేస్తున్నానని చెప్పాను. వెంకటరాజుగారు, "తెర మీద మీ పేరు వేస్తామండీ" అన్నారు. వద్దన్నాను. బొంబాయి అమ్మాయి మాత్రం ఎందుకని అడిగింది. చెల్లెలికి ఆపరేషన్ అన్నాను. ఈ రెండు వారాల్లో నేను ఎవరితోనైనా నిజం చెప్పడం అదే మొదలు.

నవంబరు 26, గురువారం. కాకినాడ

ఆపరేషన్ జరుగుతోంది. వరండాలో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఐజాక్ అటూ ఇటూ తిరుగుతున్నారు.

పొద్దున్న మొదటి బస్సుకి వచ్చాను. ఆయన గేటు దగ్గర నా సంచి అందుకుని వార్డు చూపించారు. సుగుణ ఆకుపచ్చ గౌనులో మంచం మీద కూర్చుని ఉంది. ఆపరేషన్‌కని జుట్టు రెండు జడలేశారు. మనిషి సగమైపోయింది. నన్ను చూసి లేవబోయింది.

బస్సులో దారంతా వల్లించుకున్నాను. గుమ్మంలో నిలబడి, "ఏమే, అన్నం తిన్నావా?" అన్నాను. గొంతు వణికింది. అబద్ధం. వణికించాను.

సుగుణ రెప్ప వెయ్యలేదు. "ఆపరేషనుకి ముందు అన్నం పెట్టరండి" అంది.

పక్కమంచం ఆవిడ కిసుక్కున నవ్వింది.

"అప్పాయమ్మ మాట కదండీ అది?" అంది సుగుణ. "పుస్తకంలో అయితే ఇప్పుడు నేను ఏడవాలండి. నాకు రావట్లేదు."

నేల చీలితే అందులోకి దూరిపోదును. చెల్లెలు చావుబతుకుల భయంలో ఉంటే వచ్చి నాటకం ఆడాను. ఆ గులాబీ రంగు వేసినవాళ్ళకీ నాకూ తేడా ఏముంది? వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనుకున్నాను. స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"ఆ ఉత్తరం నాన్నగారికి ఇచ్చింది నేనే."

"తెలుసండి."

"మీటింగులోంచి పిలిపించి, అందరి ముందూ ఇచ్చాను. కావాలనే."

అది తెలియదు దానికి. మొహం చూస్తే అర్థమైంది. దుప్పటి అంచు మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది. నర్సు వచ్చి బీపీ చూసి వెళ్ళింది.

"ఎందుకండి?" అంది.

ఇరవై ఒక్కేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. అడుగుతుందేమోనని నేను ఇన్నేళ్ళూ దగ్గర ఉంచుకున్న జవాబులు చాలా ఉన్నాయి. నీ చదువు పాడవుతుందని, నాన్నగారి పరువు పోతుందని, సంఘంలో తలెత్తుకోలేమని. నోరు తెరిచాను. వాటిలో ఒక్కటీ రాలేదు.

"నాకెవరూ రాయలేదే" అన్నాను.

అప్పుడు ఏడుపొచ్చింది. అందంగా కాదు, ముక్కు కారి, ఎక్కిళ్ళొచ్చి, వార్డంతా తిరిగి చూసేలా. నలభై ఆరేళ్ళ మనిషిని. చూడటానికి అసహ్యంగా ఉండి ఉంటాను. సుగుణ నా చెయ్యి పట్టుకోలేదు. తల నిమరలేదు. నన్ను కొత్తమనిషిని చూసినట్టు చాలాసేపు చూసింది.

"ఇది పుస్తకంలో లేదు" అంది.

ఈలోగా స్ట్రెచరు తెచ్చారు. చేతి గాజులు తీసి నా ఒళ్ళో పెట్టి వెళ్ళింది.

నవంబరు 27

బాగానే జరిగింది. మత్తులో ఏదేదో మాట్లాడింది. మంచినీళ్ళు అడుగుతుంది, ఇవ్వకూడదంటున్నారు. తడి దూదితో పెదాలు తుడుస్తున్నాను.

నవంబరు 29, ఆదివారం

ఇవాళ కూర్చోబెట్టారు. గంజి తాగింది. తల దువ్వుతానంటే వద్దంది, తర్వాత దువ్వమంది. నిన్న క్షమించమని అడిగాను. దిండు సరిగ్గా లేదు, సర్దమంది. ఆ చంద్రరావు ఇప్పుడెక్కడున్నాడో తెలుసా అని అడిగాను. తెలుసుకోలేదట. చంద్రరావు కాదు, మైక్రోస్కోపులో ఆకు కోసి చూడటం గుర్తొస్తుందట ఇప్పటికీ. ఆ మాట విన్నాక నాకు గంటసేపు దాని మొహం చూడటానికి ధైర్యం చాలలేదు.

మధ్యాహ్నం తనే అడిగింది, "సినిమాలో అక్కని ఏం చేశారు?" అని.

"చంపేశారు. గోదావరిలో దూకి చచ్చిపోతుంది. జనం ఒకటే చప్పట్లు."

సుగుణ దుప్పటి మెడదాకా లాక్కుంది.

"హాయి దానికి" అంది. "నోరు విప్పే పని లేకుండా పోయింది."

నాకు నవ్వు ఆగలేదు. నన్ను చూసి అదీ నవ్వబోయింది, కుట్లు లాగాయి, పొట్ట పట్టుకుని మెలితిరిగిపోతూ నన్ను తిట్టింది. ఏమని తిట్టిందో ఇక్కడ రాయను.